ఆరు వేలు, ఆరు వారాలు, ఒక కవచం: ఇంట్లో చేయొచ్చా?

అడిగింది ఇది: "అక్కా, నేను గుంటూరులో బీటెక్ రెండో సంవత్సరం. ఆరు వారాల్లో హైదరాబాద్ కామిక్‌కాన్, అదే కామిక్స్, గేమ్‌ల అభిమానుల పండగ. ఒక గేమ్‌లోని యోధురాలిలా వెళ్లాలని ఉంది. ఛాతీ కవచం, భుజాలవి, ముంజేతులవి, కాళ్లవి, పెద్ద కత్తి. ఆన్‌లైన్‌లో రెడీమేడ్ 14,000 చెబుతున్నారు. నా దగ్గర 6,000 ఉన్నాయి. కుట్టడం రాదు, హీట్ గన్ ఎప్పుడూ పట్టుకోలేదు. అమ్మ చూసి నవ్వుతోంది. నా వల్ల అవుతుందా?"

అవుతుంది చెల్లీ. కానీ నువ్వు రాసిన లిస్టు మొత్తం కాదు. ఛాతీ, భుజాలు, ముంజేతులు చెయ్యి. కాళ్లవి ఈసారికి వదిలెయ్, నల్ల లెగ్గింగ్, బూట్లు వేసుకుంటే ఎవరూ అడగరు. కత్తి సంగతి ఐదో వారంలో టైముంటే చూద్దాం. నేను తొమ్మిదేళ్లుగా కాస్‌ప్లే, అంటే ఇలా ఇష్టమైన పాత్రల వేషాలు కట్టడం, చేస్తున్నాను, ఇప్పటికి పదమూడు వేషాలు మొదలుపెట్టాను, అందులో ఒంటి మీద వేసుకుని బయటికి వెళ్లినవి తొమ్మిదే. మిగతా నాలుగూ మా అటక మీద ఉన్నాయి. ఒకదానికి ఒక కాలే ఉంది, రెండో కాలు చెయ్యడానికి ఓపిక లేకపోయింది. నాలుగింట్లోనూ జరిగింది ఒకటే, తల నుంచి కాలి దాకా అన్నీ నేనే చెయ్యాలని కూర్చోవడం.

6,000 సరిపోతాయా అన్నావు. ఇంచుమించుగా చెబుతాను, ఊరిని బట్టి, షాపును బట్టి అటూ ఇటూ అవుతుంది. హీట్ గన్, అదే బాగా వేడి గాలి ఊదే మిషను, పన్నెండొందలు, ఫోమ్ పదిహేనొందలు, జిగురు ఐదొందలు, రంగులు ఏడొందలు, బెల్టులు, క్లిప్పులు, ఎలాస్టిక్ నాలుగొందలు, విగ్గు వెయ్యి, కట్టరు, బ్లేడ్లు నూట యాభై. మిగిలింది రైలు టిక్కెట్టుకి. ఎంట్రీ టిక్కెట్టు మాత్రం వేరే చూసుకోవాలి. హీట్ గన్ ఎవరి దగ్గరైనా అరువు దొరికితే ఇంకా నయం, మొబైల్ రిపేరు షాపుల వాళ్ల దగ్గర, కార్లకు స్టిక్కర్లు వేసేవాళ్ల దగ్గర ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో అవుతుందా అని తర్వాత అడుగుతావు, అందరూ అడుగుతారు. అవ్వదు, ఆ వేడి చాలదు.

ఇక ఫోమ్. ఈవీఏ అనే పేరు చూసి కంగారు పడకు, మనం వేసుకునే చెప్పుల సోల్ షీటే అది. పిల్లల కింద పరిచే పజిల్ మ్యాట్లు కూడా చాలావరకు అదే. హైదరాబాద్‌లో అయితే నేను రాణీగంజ్ వెళ్తాను. నువ్వు గుంటూరులో ఎవరైనా చెప్పులు కుట్టే ఆయన్ని "సోల్ షీట్లు ఎక్కడ తెచ్చుకుంటారండీ" అని అడుగు, గూగుల్ కంటే కచ్చితంగా చెబుతాడు. కవచానికి 6 మిల్లీమీటర్లది, పైన అంచులకు, డిజైన్లకు 3 మిల్లీమీటర్లది. కొనేముందు గోరుతో గట్టిగా నొక్కి చూడు. గుంట పడి అలాగే ఉండిపోతే వద్దు, మెల్లగా పైకి లేస్తే తీసుకో. యోగా మ్యాట్ మాత్రం ముట్టుకోకు. మెత్తగా ఉండి ఆకారం నిలవదు, పైగా కొన్ని పీవీసీవి ఉంటాయి, పీవీసీని హీట్ గన్‌తో కాల్చితే వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు. థర్మోకోల్ చవక కదా అనుకోకు, రబ్బరు జిగురు తగిలినా, స్ప్రే పెయింట్ తగిలినా మన కళ్లముందే కరిగి గుంటలు పడిపోతుంది.

వోర్బ్లా అని జర్మనీ షీటు ఒకటి ఉంది, వేడి చేస్తే మెత్తబడి చల్లారాక గట్టిపడుతుంది, వీడియోల్లో వాళ్లంతా అదే వాడుతుంటారు. బాగుంటుంది, కాదనను. నీ బడ్జెట్ మొత్తం దానికే పోతుంది. ఆ వీడియోలు చూసి బెంగ పెట్టుకోకు.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ డబ్బు లెక్క కాదు, రంగూ లెక్క కాదు, అంతా కాగితం మీదే తేలిపోతుంది. నీ ఒంటికి కూర్చునే ప్యాటర్న్, అంటే ముక్కలు కొయ్యడానికి కొలత నమూనా, తీశావా, సగం పని అయిపోయినట్టే. తియ్యలేదా, ఎంత ఖరీదు ఫోమ్ తెచ్చినా ఫ్రిజ్ అట్టపెట్టెలో తల దూర్చినట్టే ఉంటుంది. నెట్‌లో దొరికే ప్యాటర్న్‌లు ఎవరో ఆరడుగుల మనిషి కొలతలు. ప్రింట్ తీసి అలాగే కోసెయ్యకు. మొదటి వారం మొత్తం ప్యాటర్న్‌కే ఇవ్వు, ఫోమ్ కొనడానికి కూడా తొందర లేదు.

భుజం ఒక్కటి ఎలా చేస్తానో వివరంగా చెబుతాను, మిగతావన్నీ దాని చుట్టాలే. పనికిరాని పాత టీషర్టు వేసుకో. భుజం మీద వంటింట్లో వాడే ప్లాస్టిక్ క్లింగ్ ఫిల్మ్ రెండు చుట్లు చుట్టించుకో, దాని మీద మాస్కింగ్ టేపు చిన్నచిన్న ముక్కలుగా అన్ని వైపులా అతికించమని ఎవరినైనా కూర్చోబెట్టు. అమ్మ అయితే ఇంకా మంచిది, నవ్వేవాళ్లని పనిలో పెట్టుకోవడమే మందు. టేపు గట్టిపడ్డాక మార్కర్‌తో కవచం అంచు ఎక్కడి దాకా రావాలో గియ్యి. చెయ్యి పైకెత్తి చూసుకో, గీత మెడకు తగులుతోందా, తగిలితే ఇప్పుడే రెండు వేళ్లు కిందికి దించు. అప్పుడు కత్తెరతో టీషర్టుతో సహా కోసి తీసెయ్. నీ చేతిలో ఒక గిన్నెలాంటిది ఉంటుంది. దాన్ని బల్ల మీద పరిస్తే పరుచుకోదు, ఒక చోట నొక్కితే ఇంకోచోట లేస్తుంది. అంచు నుంచి లోపలికి అక్కడక్కడా గాట్లు పెట్టుకుంటూ పో, అది పూర్తిగా చపాతీలా పడుకునే దాకా. ప్రతి గాటూ వీ ఆకారంలో విచ్చుకుంటుంది కదా, జాకెట్టుకి టైలర్ వేసే డాట్ అంటే అదే. నువ్వు దాన్ని వెనక్కి నడిపించావు, అంతే. ఫోమ్‌లో ఆ వీ గాట్ల రెండు అంచులూ కలిపి అతికిస్తే మళ్లీ గిన్నె అవుతుంది.

ఆ ప్యాటర్న్‌ని అట్ట మీదికి ఎక్కించేటప్పుడు చుట్టూ ఒక సెంటీమీటరు ఎక్కువ వదులు. ఫోమ్‌కి మందం ఉంటుంది, నువ్వు తీసింది లోపలి కొలత, ఇది మర్చిపోయే చాలామంది కవచాలు ఊపిరాడకుండా చేసుకుంటారు. నేరుగా ఫోమ్ కొయ్యకుండా ముందు చీరల షాపు అట్టలతో ఒకటి కట్టి చూసుకో, టేపుతో అతికిస్తే చాలు. అద్దం ముందు నిలబడు, కూర్చో, వంగు. ఎక్కడ గుచ్చుకుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. ఇంకో మాట, ప్రతి ముక్క మీదా ఎడమ, కుడి అని రాయి, ఏ అంచు ఏ అంచుకి కలవాలో చిన్న అడ్డగీతలు పెట్టు. నేను మూడో కాస్ట్యూమ్‌కి ఇవన్నీ ఎందుకులే అనుకుని, రాత్రి రెండింటి దాకా కూర్చుని, రెండూ ఎడమ భుజాలే కోశాను. అతికించాక గానీ తెలియలేదు.

కోతకి బ్లేడు పదునుగా ఉండాలి. స్నాప్ కట్టరే చాలు, ప్రతి నాలుగైదు కోతలకి ఒక కొస విరిచెయ్, పిసినారితనం వద్దు. అంచు నున్నగా కాకుండా చీలికలు చీలికలుగా వస్తోందంటే బ్లేడు అయిపోయిందని అర్థం. ఒకే దెబ్బలో కొయ్యాలని చూడకుండా రెండు మూడు సార్లు గీస్తూ దించు. వీ గాట్ల దగ్గర బ్లేడుని ఏటవాలుగా పట్టుకుంటే రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చుంటాయి, నిటారుగా కోస్తే పైన సందు మిగులుతుంది. కోసిన ముక్క మీద హీట్ గన్ జానెడు దూరంలో పట్టి కదుపుతూనే ఉండు, ఒకచోట ఆపితే కాలిపోతుంది. పైపొర మసకగా ఉన్నది కాస్త మెరుపు తేలుతుంది, అదే సమయం. వెంటనే స్టీలు గిన్నె మీదో మోకాలి మీదో వంచి చల్లారే దాకా కదలకుండా పట్టుకో. చేతికి గ్లౌజు వేసుకో. షార్ట్స్ వేసుకుని మోకాలి మీద పెట్టకు, ఎందుకో చెప్పను.

జిగురు దగ్గర నా పరువు పోయిన కథ ఉంది. చెప్పుల షాపుల్లో సొల్యూషన్ అంటారే, సన్‌మైకాకి కూడా వాడతారు, ఆ పసుపు రబ్బరు జిగురే మనకి కావాలి. ఫెవికాల్‌లో ఎస్ఆర్ అని ఉండే డబ్బా. దాన్ని రెండు అంచులకీ పల్చగా పూసి వదిలెయ్యాలి. వేలితో తాకితే అంటకూడదు, అప్పుడు కలపాలి. పది పదిహేను నిమిషాలు పడుతుంది, వానరోజు ఇంకా ఎక్కువ. కలిపితే మళ్లీ విడదీసి సర్దే ప్రశ్నే లేదు, అందుకే ఆ అడ్డగీతలు. నా మొదటి వేషంలో నాకు ఇవేవీ తెలీదు. తెల్ల ఫెవికాల్‌లా తడిగా ఉండగానే నొక్కి, పుస్తకాల బరువు పెట్టి పడుకున్నాను. పొద్దున బాగానే ఉంది. కామిక్‌కాన్ జరిగే హైటెక్స్ గేటు దగ్గర క్యూలో ఎండలో నలభై నిమిషాలు నిలబడ్డాం. వెనక ఉన్న కుర్రాడు మెల్లగా తట్టి "అక్కా, మీ భుజం పడిపోయింది" అన్నాడు. చూస్తే చేతిలో పట్టుకుని నిలబడ్డాడు పాపం, ప్రసాదం ఇచ్చినట్టు. ఆ రోజంతా ఒక భుజంతోనే తిరిగాను. ఫొటోల్లో అందరూ అది డిజైన్ అనుకున్నారు. గ్లూ గన్ కూడా పెద్ద అతుకులకి వద్దు, ఎండకి మెత్తబడుతుంది. ఆగి ఉన్న కారులో వదిలిన కవచం విడిపోవడం నేను చూశాను. ఫెవిక్విక్ పెట్టినచోట గట్టిగా గాజులా అయి, వంచితే చిట్లుతుంది.

ఆ రబ్బరు జిగురు ఆవిరి తలనొప్పి తెప్పిస్తుంది, అది చిన్న విషయం కాదు. నిప్పుకి కూడా అంటుకుంటుంది. వంటింట్లో వద్దు, పూజ గదిలో దీపం వెలుగుతుంటే ఆ పక్కన వద్దు, తలుపులు మూసి ఏసీ గదిలో అసలే వద్దు. సాయంత్రం డాబా ఎక్కు, గాలి వీపు వైపు నుంచి రానీ. కరోనా అప్పుడు కొన్న ఎన్95 మాస్కు ఫోమ్ రుద్దినప్పుడు లేచే దుమ్ముకి పనికొస్తుంది, జిగురు ఆవిరిని మాత్రం ఆపదు. దానికి రెండు పక్కలా కార్ట్రిడ్జిలు ఉండే మాస్కు వేరే ఉంటుంది. రెండోసారి చేసేటప్పుడు ముందు అది కొను, విగ్గు తర్వాత.

రంగు వెయ్యడానికి ముందు ఫోమ్ రంధ్రాలు మూసుకోవాలి, లేకపోతే రంగంతా పీల్చేస్తుంది. ముక్క మొత్తం మీద ఇంకోసారి హీట్ గన్ తిప్పి, తెల్ల ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు కలిపి నాలుగైదు కోటింగులు కొట్టు, ఒకటి ఆరాక ఇంకొకటి. చవకగా అయిపోతుంది, కాకపోతే ఎక్కువ వంగే చోట పగుళ్లు కనిపిస్తాయి. ఛాతీకి, భుజాలకి పర్లేదు. తర్వాత నలుపు యాక్రిలిక్. ఆరాక వెండి రంగు బ్రష్‌కి అంటించి, పాత గుడ్డకి తుడిచి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో అంచుల మీద, ఉబ్బెత్తు చోట్ల మాత్రమే రాయి. గుంటల్లో నలుపు ఉండిపోవాలి. మొత్తం వెండి పూసేస్తే తిరనాళ్లలో అమ్మే బొమ్మ కత్తిలా ఉంటుంది. ఆఖర్న నలుపులో కాస్త గోధుమ రంగు కలిపి, నీళ్లలా పల్చగా చేసి పూసి వెంటనే తుడిచెయ్, పాతబడ్డ ఇనుములా కనిపిస్తుంది. నాకు ఈ పనిలో ఎక్కువ ఇష్టమైనది ఈ గంటే, అప్పటిదాకా చెప్పుల సోలులా ఉన్నది ఒక్కసారిగా ఇనుమైపోతుంది.

లోపలి వైపు గురించి ఎవరూ వీడియో చెయ్యరు. మాది తెనాలి. మా పక్కింటి తాతయ్య పౌరాణిక నాటకాలకు డ్రెస్సులు కుట్టేవాడు. అట్ట కిరీటం, బంగారు కాగితం, అద్దం ముక్కలు, పూసలు. నేను చిన్నప్పుడు కిరీటం పైన మెరుపు చూస్తుంటే ఆయన తిరగేసి లోపల చూపించేవాడు. మెత్తటి పాత పంచె గుడ్డ మడతలు పెట్టి చుట్టూ కుట్టి ఉండేది. తెల్లవార్లూ పద్యాలు పాడే మనిషికి నుదురు కోసుకోకూడదు, చెమట కళ్లలోకి దిగకూడదు. భుజకీర్తులకి కూడా కట్టు తాడు చంక కింద నుంచి వెళ్లి రెండో వైపు ముడి పడేది, భుజం మీద బరువు ఒక్క చోట ఉండేది కాదు. నేను ఇప్పటికీ భుజాలు అలాగే కడతాను. నువ్వు కూడా బ్యాగులు రిపేరు చేసే ఆయన దగ్గర స్కూలు బ్యాగు పట్టీలు, ప్లాస్టిక్ క్లిప్పులు తెచ్చుకో. భుజాల నుంచి ఛాతీ కవచానికి వెడల్పు ఎలాస్టిక్, ఊపిరి పీల్చినప్పుడు సాగాలి. వెల్క్రో ఒక్కదాన్నే నమ్ముకోకు, దాని పక్కన టిచ్ బటన్ కూడా పెట్టు. కుట్టు రాదన్నావు, ఈ మాత్రం చేతికుట్టు అమ్మ అరగంటలో నేర్పుతుంది.

లోపల వేసుకునే బట్టలు కొనెయ్. ఫుల్ హ్యాండ్స్ నల్ల టీషర్టు, లెగ్గింగ్, చాలు. పైన కట్టే గుడ్డ ఏమైనా కావాలంటే విజయవాడ వన్‌టౌన్ వస్త్రలతలో ముక్కల లెక్కన దొరుకుతుంది. టైలర్‌కి ఇవ్వాలనుకుంటే మొదటి వారమే ఇవ్వు, పండగ సీజన్ అయితే "రేపు రండమ్మా" అనే మాట పది సార్లు వింటావు. గేమ్ ఫొటో ఒక్కటే చూపిస్తే చాలదు, ముందు, వెనక, పక్క మూడు వైపులా బొమ్మ గీసి ఇవ్వు. విగ్గు సింథటిక్ అయితే ఇస్త్రీ పెట్టెతో, స్ట్రెయిటనర్‌తో ముట్టుకోకు, కరిగి ముద్దవుతుంది. కళ్లకి రంగు లెన్సులు కంటి డాక్టర్‌ని అడగకుండా పెట్టుకోకు. ఒక్క రోజు ఫొటోల కోసం కళ్లతో ఆటలా?

ఆరో వారం ఏమీ చెయ్యకు అంటే నమ్ము. మొత్తం వేసుకుని ఇంట్లో రెండు గంటలు ఉండు. మెట్లు ఎక్కు, కూర్చో, నీళ్లు తాగు, బాత్‌రూమ్‌కి ఒక్కదానివే వెళ్లి రాగలవో లేదో చూసుకో. నవ్వకు, అక్కడ చాలామంది నీళ్లు తాగకుండా మధ్యాహ్నానికి కళ్లు తిరిగి కూర్చునేది ఇందుకే. ఒక ఫ్రెండ్‌ని వేషం లేకుండా తీసుకెళ్లు, నీ ఫోను, డబ్బులు, సూది దారం, పిన్నీసులు, చిన్న జిగురు ట్యూబు తన బ్యాగులో. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో వస్తావేమో, కవచం వేసుకుని రాకు, ముక్కలుగా ఒకదానిలో ఒకటి గిన్నెలు సర్దినట్టు సర్ది పెద్ద అట్టపెట్టెలో పెట్టు, పైన ఎవరి సూట్‌కేసూ పడకుండా చూసుకో. నొక్కుకుపోయిన ఫోమ్ మళ్లీ సరిగ్గా రాదు. కత్తి చేస్తే ఫోమ్‌దే చెయ్యి, ఇనుప రేకు, కర్ర మొన తీసుకొస్తే గేటు దగ్గరే ఉంచేస్తారు. అక్కడ అడగకుండా మీద చెయ్యి వేసి ఫొటో దిగబోయేవాళ్లు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. వద్దండీ అని గట్టిగా చెప్పెయ్, మొహమాటం అక్కర్లేదు, పక్కనున్న కాస్‌ప్లేయర్లు నీ వైపే నిలబడతారు.

అక్కడి వేషాల పోటీకి పేరు ఇస్తావా? ఇస్తే ఇవాళ్టి నుంచే ప్రతి దశా ఫొటో తీసిపెట్టుకో, టేపు చుట్టించుకున్న ఫొటోతో సహా. ఏది నువ్వు చేశావు, ఏది కొన్నావు అని జడ్జిలు అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పు. కొనుక్కుని వేసుకునేవాళ్లని చిన్నచూపు చూసే బ్యాచ్ ఒకటి ఉంది, వాళ్ల మాటలు పట్టించుకోకు. ఈ సరదా తొలి రోజుల గురించి చెప్పుకునే కథ మాత్రం సొంతంగా కుట్టుకున్న బట్టలదే. 1939లో న్యూయార్క్‌లో సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభకి మర్టిల్ డగ్లస్ అనే ఆవిడ భవిష్యత్తు మనుషుల బట్టలు తనకీ, తన స్నేహితుడికీ తానే కుట్టి తీసుకెళ్లింది. కాస్‌ప్లే అనే మాట 1983లో జపాన్‌లో ఒక పత్రికలో నొబుయుకి తకహాషి వాడేదాకా దానికి ఆ పేరే లేదు.

అమ్మ నవ్వుతోందన్నావు కదా. తిరుపతి గంగమ్మ జాతర వీడియో ఒకటి చూపించు. వారం రోజులు ఊరు ఊరంతా రోజుకో వేషం, బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఆఫీసులకు వెళ్లే మగవాళ్లు కూడా చీరలు కట్టి నగలు పెట్టుకుని వీధిలో నడుస్తారు. అది మొక్కు, మనది సరదా, రెండూ ఒకటని అనను. కానీ పెద్దయ్యాక వేషం కట్టడం ఏంటి అని అడిగే హక్కు తెలుగువాళ్లకి మాత్రం లేదు.

మిడ్ పరీక్షలు ఎప్పుడో చూసుకుని ఆరు వారాల లెక్క మళ్లీ వేసుకో. ఈ ఆదివారం ఒక్క భుజం టేపు ప్యాటర్న్ తీసి, అట్టతో కట్టి, వేసుకుని చెయ్యి పైకెత్తి ఒక ఫొటో ఇక్కడ పెట్టు, ఎక్కడ కొయ్యాలో నేను చెబుతాను. పెట్టే ముందు అట్ట మీద ఎడమ, కుడి రాశావో లేదో చూసుకో.